ఒప్పంద పత్రాన్ని చదివేదెవరు?



ప్రపంచీకరణ వ్యాపారాన్ని, నాయకత్వాన్ని, సమాజాన్ని ఎలా మారుస్తున్నదో మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ఈ మాట వినగానే చాలామందికి బహుళజాతి సంస్థలు, మాదాపూరు అద్దాల మేడలు గుర్తుకు వస్తాయి. పాతబస్తీ గల్లీలకు, జగిత్యాల, నిజామాబాదు పల్లెలకు, కడప ప్రాంతానికి మాత్రం ప్రపంచీకరణ మొదట వీసా కాగితంగా వచ్చింది. కనుక నేను గల్ఫ్ గురించే మాట్లాడతాను.

మన నగరంలో బార్కస్ ఉంది. ఆ పేరే సైనికుల బ్యారక్స్ నుండి వచ్చింది. హద్రమౌత్ నుండి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బు సిపాయిల వారసులు నేటికీ అక్కడ నివసిస్తున్నారు. ఒకనాడు ఉపాధి వెతుక్కుంటూ వారు మన ఊరికి వచ్చారు. 1973లో చమురు ధరలు పెరిగిన పిదప దారి తిరగబడింది. మన మేస్త్రీలు, డ్రైవర్లు, దర్జీలు అటు బయలుదేరారు. ఆ డబ్బుతో ఇళ్ళు లేచాయి, పిల్లలు ఇంగ్లీషు మీడియం బడులకు వెళ్ళారు, చెల్లెళ్ళ నికాహ్‌లు జరిగాయి. కట్నాల రేటు కూడా ఆ డబ్బుతోనే పెరిగిందన్నది వేరే సభలో మాట్లాడుకోవలసిన విషయం.

ఇందులో వ్యాపారం ఎక్కడుందో చూడండి. మనిషి శ్రమను అమ్ముకోవడానికి పోతున్నాడు. పోకముందే ఆ పనిని అతడు కొనుక్కోవలసి వస్తున్నది. భారత ప్రభుత్వ నిబంధన ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు కార్మికుని నుండి 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మాత్రమే తీసుకోవాలి. ఈ సభలో ఉన్నవారిలో ఎందరు ఆ ధరకు వీసా చూశారు? ఇక 'ఆజాద్ వీసా' సంగతి మీకు చెప్పనక్కరలేదు. పేరులో స్వేచ్ఛ ఉన్నది, పత్రంలో లేదు. కఫీల్ పేరున అఖామా, పని మరొకచోట. ఏటేటా కఫీల్‌కు ముడుపు. తన కఫీల్ వద్ద కాక వేరొకరి వద్ద పని చేయడం అక్కడి చట్టం దృష్టిలో నేరం. మనవాడు అప్పుచేసి కొన్నది, విమానం దిగిన నాటి నుండీ తనను నేరస్థుని చేయగల కాగితం. అఖామా గడువు తీరినవారిని మనవాళ్ళు 'ఖల్లివెల్లి' అని నవ్వుతూ అంటారు. ఆ నవ్వు వెనుక ఏళ్ళ తరబడి తల్లి జనాజాకు కూడా రాలేకపోయిన మనుషులున్నారు.

నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయో, దెబ్బ ఎక్కడ తగులుతుందో గమనించండి. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబసభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము విధించింది. ఏటా 100 చొప్పున పెంచుతూ 2020 నాటికి దానిని 400 చేసింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న ఉద్యోగికి నెలకు 1,600 రియాళ్ళు. రియాద్‌లో వెలువడిన ఆ ఉత్తర్వుతో హైదరాబాదుకు కుటుంబాలు తిరిగివచ్చాయి. తండ్రి ఒక్కడే అక్కడ మిగిలాడు.

దెబ్బ అక్కడి నుండే వస్తుందనుకోరాదు. 2020 సెప్టెంబరులో, కరోనా వల్ల వేలాదిమంది జీతం బకాయిలు వదిలి ఇంటిదారి పట్టిన రోజుల్లో, మన విదేశాంగ శాఖయే గల్ఫ్ దేశాలకు వెళ్ళే భారతీయ కార్మికులకు నిర్ణయించిన కనీస వేతనాన్ని భారీగా తగ్గించింది. వేరే దేశాల వారు తక్కువకే వస్తున్నారు, మనవారికి పనులు దొరకవన్నది వాదన. అంగడిలో పక్క దుకాణం ధర చూసి తన సరుకు ధర దించడమే ఇది; కాకపోతే ఇక్కడ సరుకు మన అన్నదమ్ముల చెమట. గల్ఫ్ కార్మికుల సంఘాల వారు తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2021 జూలైలో కేంద్రం ఆ ఉత్తర్వులను వెనక్కు తీసుకుంది. నాయకత్వమంటే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఈ సంఘటన. ఆ వ్యాజ్యం వేసినవారు ప్రభుత్వ సర్క్యులర్‌ను చదివారు. మన మొహల్లా పెద్దలలో ఎందరికి ఆ సర్క్యులర్ సంగతి తెలిసింది?

నిష్ఠూరమైనా చెబుతాను. గల్ఫ్ నుండి సెలవుపై వచ్చినవాని ఇంటికి చందా పుస్తకం పట్టుకొని మనం త్వరగానే చేరుకుంటాము. మినారుకు, ఫంక్షన్ హాలుకు, జల్సాకు అతని డబ్బు కావాలి. అతడు మొదటిసారి వెళ్ళేటప్పుడు మాత్రం ఏజెంటు ఇంట్లో ఒంటరిగా, తనకు రాని భాషలో ఉన్న పత్రంపై వేలిముద్ర వేశాడు. దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పు వ్యవహారాన్ని వ్రాసుకోవడం గురించి, వ్రాసేవాని గురించి, సాక్షుల గురించి ఉన్నది. ఆ ఆయత్‌ను పఠించే సముదాయం తన బిడ్డ ఉద్యోగ ఒప్పందాన్ని చదవకుండా పంపిస్తున్నది.

చదవవలసినవి చాలానే ఉన్నాయి. పదో తరగతి తప్పినవాని పాస్‌పోర్టుపై ఈసీఆర్ ముద్ర ఉంటుంది. 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే అతనికి ప్రభుత్వ అనుమతి, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవికలుడైనా ఆ బీమా 10 లక్షల రూపాయలు ఇస్తుంది. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు. పదో తరగతి పాసైనవానికి ఈ బీమా తప్పనిసరి కాదు. కనుక చదువుకున్నవాడే చాలాసార్లు రక్షణ లేకుండా వెళుతున్నాడు. విజిట్ వీసాపై పనికి వెళ్ళినవానికి ఈ అనుమతీ లేదు, బీమా కూడా లేదు.

ఇంటిపనికి వెళ్ళే స్త్రీల పరిస్థితి మరింత కఠినం. చాలా గల్ఫ్ దేశాలలో వారు సాధారణ కార్మిక చట్టం కిందికి రారు, వేరే నిబంధనలు వర్తిస్తాయి. ఈసీఆర్ పాస్‌పోర్టు గల స్త్రీకి 30 ఏళ్ళు నిండాలి; తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. ఆ దారి నెమ్మదిది కాబట్టి దళారి విజిట్ వీసా చేతిలో పెడతాడు. కడప, గోదావరి ప్రాంతాల నుండి అలా వెళ్ళిన తల్లులు ఎంతమందో.

మరొక మార్పును మనం తగినంతగా గుర్తించలేదు. భర్త దూరదేశంలో ఉండగా బ్యాంకుకు, బడికి, కరెంటు ఆఫీసుకు, తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళి పనులు చక్కబెట్టినది ఇల్లాలే. ఇరవై ఏళ్ళపాటు రియాళ్ళ మారకపు ధర చూసి ఇంటి లెక్క వేసిన స్త్రీకి ఏ ఆర్థిక శిక్షణా అవసరం లేదు. మస్జిదు కమిటీలలో, అంజుమన్‌లలో ఆమెకు చోటేది?

నా ప్రతిపాదన చిన్నది. ప్రతి మొహల్లాలో వారానికి ఒకరోజు, అసర్ నుండి మగ్రిబ్ వరకు ఒక బల్ల వేయండి. తిరిగివచ్చిన ఒక కార్మికుడు, ఇలా ఇల్లు నడిపిన ఒక సోదరి, అరబీ, ఇంగ్లీషు చదవగల ఒక విద్యార్థి చాలు. వెళ్ళేవాని ఒప్పందం చదవండి: మూల వేతనమెంత, తిండి, వసతి ఎవరివి, తిరుగు టికెట్టు ఎవరిది. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరును ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడిగించండి. వీసా, ఒప్పందం, పాస్‌పోర్టు నకళ్ళు ఇంట్లో ఒక కవరులో ఉంచండి. జీతం బ్యాంకు ద్వారా పడుతున్నంతకాలం ఆ స్టేట్‌మెంట్లను భద్రపరచమనండి. కరోనా కాలంలో తిరిగివచ్చినవారిలో ఎంతోమంది బకాయి కోరలేకపోయింది చేతిలో ఇవి లేకనే. కేసు నడుస్తుండగా రావలసివస్తే, అక్కడున్న నమ్మకస్థునికి అధికార పత్రం వ్రాసి ఇచ్చి మరీ విమానం ఎక్కమని చెప్పండి.

బల్ల వేయడానికి ముందుకు వచ్చేవారు సభానంతరం తమ పేర్లు ఇవ్వగలరు. స్త్రీల కోసం ప్రత్యేకంగా మరో కాగితం ఉంచాము.