మురుగులో దిగిన మనిషి ఆ పటంలో ఏడి?



జీవావరణ పాఠానికి మంచి ఉదాహరణ ఈ నగరానికి తూర్పునే ఉంది. కలకత్తా మురుగునీరు అక్కడి భేరీల్లోకి, అంటే లోతు తక్కువ చేపల చెరువుల్లోకి చేరుతుంది. బ్యాక్టీరియా మలినాన్ని విడగొడుతుంది. ఆ పోషకాలతో, ఎండతో నాచు పెరిగి ఆక్సిజన్ ఇస్తుంది. నాచును చేప తింటుంది, చేపను మనం. ఈ చిత్తడి నేలలకు 2002లో రామ్‌సర్ గుర్తింపు కూడా వచ్చింది.

పటం బాగుంది. కానీ పూడిన మురుగు దానంతటది పారదు కదా! మనుషులతో మురుగు తీయించడం ఆపాలని కలకత్తా సహా ఆరు మహానగరాలను సుప్రీంకోర్టు ఆదేశించింది 2025 జనవరి 29న. నాలుగు రోజులకే బంతలా తోళ్ల కాంప్లెక్స్‌లో మ్యాన్‌హోల్ ముగ్గురు కూలీలను మింగింది.

గాలాడని మురుగులో బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదలడం ప్రకృతి. దాన్ని పీల్చేదెవరో తేల్చింది మాత్రం ప్రకృతి కాదు, కులమూ కూలీ కాంట్రాక్టూ.