మూడు లెన్సులు చాలు

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగం గురించి కాకుండా ఇష్టమైన పని గురించి మాట్లాడమని సంఘం వారు అడిగారు. నా ఉద్యోగం ఇంజనీరింగు. ఇష్టమైన పని పెద్ద కెమెరాతో కొండలు, లోయలు, చెరువులు ఫొటో తీయడం. దీన్ని లార్జ్ ఫార్మాట్ ఫొటోగ్రఫీ అంటారు. “అన్నా, ఆ కెమెరాకి ఏ లెన్సులు కొనాలి?” అని మన జూనియర్లు ఇద్దరు ముగ్గురు చాలాకాలంగా అడుగుతున్నారు. ఈ రోజు ఆ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతాను. దానికి పదో తరగతి లెక్కలు చాలు.

ముందు కెమెరా సంగతి. ముందొక పలక, వెనకొక పలక, రెంటికీ మధ్య కమ్మరి కొలిమితిత్తి లాంటి మడతల సంచి. ముందు పలకకు లెన్సు బిగిస్తాం. వెనక గరుకు అద్దం ఉంటుంది. తల మీద నల్లగుడ్డ కప్పుకొని చూస్తే ఆ అద్దం మీద లోకం తలకిందులుగా కనిపిస్తుంది. ఫోకస్ కుదిరాక ఫిల్మ్ హోల్డర్ దూరుస్తాం. ఒక హోల్డర్‌లో రెండే ఫిల్ములు. ఒక్కో ఫిల్మ్ 4×5 అంగుళాలు.

అంత పెద్ద ఫిల్మ్ ఎందుకంటే, ఒకప్పుడు ప్రింటు ఎంత కావాలో గాజు ప్లేటూ అంతే ఉండాల్సి వచ్చేది. హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరైన లాలా దీన్‌దయాళ్ అలాంటి ప్లేట్ల మీదే పనిచేశాడు. ఆయన చదివింది రూర్కీలో ఇంజనీరింగు. మా వృత్తిలో వాళ్లకు ఈ పిచ్చి కొత్త కాదన్నమాట! ఇప్పుడు ప్రింటు ఎంతైనా పెంచుకోవచ్చు. పెంచినా చెదరని వివరం కోసమే మేమింకా ఈ బరువు మోస్తున్నాం.

ఇక లెన్సు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగడానికి ఒక లెన్సు, ఎక్కువ మేర పట్టించడానికి ఇంకొకటి అనుకుంటారు. అది సగమే నిజం. ముందున్న బండ వెనకున్న కొండను ఎంత మూయాలి, చెట్టు గోపురానికి అడ్డం రావాలా వద్దా అనేవి మనం నిలబడ్డ చోటును బట్టి ఉంటాయి. లెన్సు మారిస్తే అవి మారవు. ఆ చోటు నుంచి కనిపించే దానిలో ఎంత మేర ఫిల్మ్ మీద పడాలో మాత్రమే లెన్సు తేలుస్తుంది. కాబట్టి ముందు కాళ్లతో చోటు వెతకాలి, తర్వాత సంచిలో లెన్సు వెతకాలి.

గండికోట మీకందరికీ తెలుసు. పెన్న లోయ అంచున నిలబడితే ముందుకు ఒక్క అడుగు వేయలేం. వెనక్కి జరిగితే నది కనిపించదు. చోటు అదొక్కటే. కాళ్ల దగ్గరి ఎర్రబండా, కిందున్న నదీ, ఎదుటి గోడా మూడూ రావాలంటే వెడల్పు లెన్సు ఉండాల్సిందే. మైదానంలో నాలుగడుగులు అటూ ఇటూ జరిగి సర్దుకోవచ్చు గానీ కొండ అంచున అది కుదరదు.

ఎంత మేర పడుతుందో సరూప త్రిభుజాలతో తేలిపోతుంది. ఫిల్మ్ మీద బొమ్మ పడే పొడవు సుమారు 120 మి.మీ. దాన్ని లెన్సు నాభ్యంతరంతో భాగించి దూరంతో గుణించండి. 100 మీటర్ల దూరంలో 90 మి.మీ. లెన్సు 133 మీటర్ల వెడల్పు పట్టిస్తుంది. 150 అయితే 80 మీటర్లు, 240 అయితే 50 మీటర్లు. ఒక్కో మెట్టుకు వెడల్పు దాదాపు అరవై శాతానికి దిగుతోంది, అంటే గుణశ్రేఢి. నా సంచిలో ఉన్నవి ఈ మూడే.

150కి పక్కన 135, 180 కూడా ఉంటే మంచిది కదా అంటారు. తేడా చాలా తక్కువ. ఆ తేడాను రెండడుగులు నడిచో, ప్రింటులో అంచు కాస్త కత్తిరించో సర్దుకోవచ్చు. సంచిలో ఆరు లెన్సులుంటే ఏది బిగించాలా అని చూసేలోపు కొండ మీద వెలుగు వెళ్లిపోతుంది.

పొడవు లెన్సు 300 కాకుండా 240 ఎందుకు? ఇక్కడ భౌతికశాస్త్రం పాఠం గుర్తు తెచ్చుకోవాలి. చాలా దూరాన ఉన్నదాన్ని ఫోకస్ చేయాలంటే లెన్సుకూ ఫిల్ముకూ మధ్య నాభ్యంతరమంత దూరం ఉండాలి. వస్తువు దగ్గరయ్యేకొద్దీ అది పెరుగుతుంది. మూడు మీటర్ల దూరంలోని చెట్టుకు 240 లెన్సు 261 మి.మీ. అడుగుతుంది, 300 లెన్సు 333 అడుగుతుంది. కొండలెక్కడానికి పనికొచ్చే తేలిక చెక్క కెమెరాల్లో చాలావాటి తిత్తి 300 దాటి కొంచెమే సాగుతుంది. కొనేముందు తిత్తిని పూర్తిగా సాగదీసి స్కేలు పెట్టి కొలవండి. లెన్సు కంటే ముందు చూడాల్సింది అదే.

రెండోది, లెన్సు వేసే వెలుగు వృత్తం. 4×5 బొమ్మ కర్ణం సుమారు 153 మి.మీ. వృత్తం సరిగ్గా అంతే ఉంటే బొమ్మ పడుతుంది గానీ లెన్సును పైకీ కిందికీ జరపడానికి జాగా ఉండదు. ఈ కెమెరా గొప్పతనమంతా ఆ జరపడంలోనే ఉంది. కెమెరాను పైకి వంచకుండా లెన్సును పైకి జరిపితే గోపురం వెనక్కి వాలినట్టు రాదు. మామూలు 150 లెన్సు వృత్తం సుమారు 210 మి.మీ. పైథాగరస్ లెక్క వేస్తే అడ్డంగా పెట్టిన ఫిల్ముకు దాదాపు 38 మి.మీ. పైకి జరుపుకోవచ్చు. లెన్సును ముందుకు కాస్త వంచితే కాళ్ల దగ్గరి బండ నుంచి దూరపు కొండ దాకా ఒకే ఫోకస్‌లోకి తేవచ్చు. ఈ సూత్రాన్ని ఆస్ట్రియా సైనికాధికారి థియోడర్ షైంప్‌ఫ్లూగ్ పేరుతో పిలుస్తారు.

మూడోది బరువు. ఎఫ్/5.6 ఉన్న 240 లెన్సు ముప్పావు కిలో దాటుతుంది. ఎఫ్/9 ఉన్న 240 పావు కిలోలోనే దొరుకుతుంది. కొండల్ని మనం తీసేది ఎఫ్/22, ఎఫ్/32 దగ్గర. పెద్ద రంధ్రం ఉపయోగం గరుకు అద్దం మీద వెలుగుగా కనిపించడమే. దానికోసం అర కిలో మోయాలా? యాభై దాటిన మోకాళ్లను అడిగితే అవే చెబుతాయి.

ఇక డబ్బు. నికాన్ 2006లో ఈ రకం లెన్సుల తయారీ ఆపేసింది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌వే. షట్టర్‌ను ఒక సెకను దగ్గర పెట్టి గడియారంతో చూడండి. నూనె ఎండిపోతే అక్కడే ఈడ్చుకుంటుంది. టార్చి వేసి గాజులో బూజు ఉందేమో చూడండి. చిన్న గీతకు భయపడొద్దు, బూజుకు భయపడండి. మూడూ ఒకేసారి కొనక్కర్లేదు. ముందు 150 కొని ఒక ఏడాది తిరగండి. ఇరుకైందని ఎక్కువసార్లు అనిపిస్తే 90, దూరమైందని అనిపిస్తే 240.

ఈ లెక్కలన్నీ ఎందుకు పనికొస్తాయో ఒక్క సంగతి చెబుతాను. గండికోట జలాశయం కింద మునిగిన ఊళ్ల వాళ్లు ఈ సభలో ఉన్నారు. అందులో ఒకటి నా క్లాస్‌మేట్ ఊరు. నీళ్లు రాకముందు ఊరు మొత్తం ఒక్క ఫొటోలో కావాలన్నాడు. చుట్టూ తిరిగి చూశాం. ఇళ్ల వరుసలన్నీ విడివిడిగా, గుడికి వేపచెట్టు అడ్డం రాకుండా కనిపించే చోటు ఒకే ఒక్క గుట్ట. ఊరికి దూరం 400 మీటర్లు, ఊరి వెడల్పు 200 మీటర్ల లోపు. లెక్క వేస్తే 240 లెన్సుకు 200 మీటర్లు సరిగ్గా సరిపోయింది. పొద్దున్నే గాలి లేని వేళ రెండు ఫిల్ములు తీశాను. ఊరు ఖాళీ అయిపోయింది కాబట్టి ఇంకోసారి వచ్చి తీద్దామనే మాటకు చోటు లేదు.

దాన్ని పది రెట్లు పెంచి నాలుగడుగుల ప్రింటు వేయించాం. మీటరు వెడల్పున్న తలుపు అందులో 6 మి.మీ. వచ్చింది. 90తో తీసి ఉంటే 2 మి.మీ.కు కాస్త ఎక్కువ వచ్చేది. ఆ ప్రింటును నా మిత్రుడి అమ్మ ముందు పరిస్తే, ఆమె వేలితో వీధులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి తమ ఇంటి దగ్గర ఆగింది. “నాయనా, ఇదో మా అరుగు” అంది. తర్వాత పక్కింటి వాళ్లెవరో, ఎదురింటి వాళ్లెవరో పేరుపేరునా చెప్పుకుంటూ పోయింది. మేం కాగితం తెచ్చుకొని రాసుకున్నాం. ఆ పేర్లు ఇప్పుడు ప్రింటు వెనక ఉన్నాయి.

చివరగా, రేపు పొద్దున మైదానంలో స్వర్ణోత్సవ గ్రూపు ఫొటో ఇదే కెమెరాతో తీస్తున్నాను. వరుస వెడల్పు 12 మీటర్లు అనుకుందాం. 150 లెన్సుతో ఎంత దూరంలో నిలబడాలో పదో తరగతి పిల్లలు లెక్క కట్టి రండి. ముందుగా సరైన జవాబు చెప్పినవాళ్లకు నల్లగుడ్డ కింద తల పెట్టి మనందరినీ తలకిందులుగా చూసే అవకాశం ఇస్తాను. పెద్దవాళ్లకొక మనవి. షట్టర్ అర సెకను తెరిచి ఉంటుంది. ఆ అర సెకను కబుర్లు ఆపి కదలకుండా నిలబడండి.