మా ఇంటి మధ్యాహ్నాలు

(డిసెంబరు 17న నరసరావుపేటలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గురించి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. డి.ఏ. బకాయిల సంగతి తరువాతి వక్త చూసుకుంటారు. నాకు కాలక్షేపం అనే విషయం అప్పగించారు. ఏ భాగవతం గురించో, ఉదయపు నడక గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను ప్రేమ నవలలు చదువుతున్నానండీ, డెబ్బయి నాలుగేళ్ల వయస్సులో.

నవ్వండి, ఫరవాలేదు. మొదట్లో నాకూ సిగ్గే. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే పుస్తకం మీద పేపరు కప్పేవాణ్ణి. కారెంపూడి వీరుల కథలు, బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపోరు వింటూ పెరిగిన పల్నాటి వాళ్లం. మనకీ రాజశేఖరం, జయంతీ ఎందుకు అనుకునేవాణ్ణి. (వాళ్లెవరో ఆ వెనుక వరుసల వారికి చెప్పనక్కరలేదు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' నాయికా నాయకులు.)

మూడేళ్ల క్రితం మా ఇంటావిడకి శుక్లాలు తీయించాం. ఒక కన్ను తేరుకోలేదు. రెండోదానితో మనుషుల్ని పోల్చుకుంటుంది గాని అక్షరాలు అలికినట్టుంటాయట. చదివిపెట్టమని అడిగింది. నేను భారతం తీశాను. "అది తరువాత చూద్దాం, ముందు సెక్రటరీ తీసుకురండి" అంది.

భోజనాలయ్యాక రోజూ రెండు గంటలు చదువుతాను. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' అయింది. 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమాకు ఆధారం ఆ నవలే. 'మీనా', 'జీవన తరంగాలు' అయ్యాయి. ఆ రెండూ 1973లో సినిమాలుగా వచ్చాయి. సులోచనారాణిగారు 2018లో అమెరికాలో కన్నుమూశారన్న సంగతి కూడా ఈ చదువు మొదలెట్టాకే తెలిసింది నాకు.

లోపాలు లేవనను. హీరో ఆరడుగులకు తగ్గడు, కారు లేకుండా కదలడు. అంత పెద్ద ఆఫీసులో ఒక్క ఆడిట్ అభ్యంతరం రాదు! ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, నాకు నమ్మశక్యం కాదు. అయితే ఆ పిల్లలున్నారే, జయంతి లాంటి వాళ్లు, చేతిలో డబ్బు లేకపోయినా తల వంచరు. ఒక మాట పడ్డారంటే బదులు చెప్పకుండా ఊరుకోరు. అటువంటిచోట మా ఇంటావిడ "మళ్లీ చదవండి" అంటుంది. మళ్లీ చదువుతాను. ఆ రెండు గంటలూ మందుల చీటీలు, పిల్లల ఫోన్ల కోసం ఎదురుచూపులు ఇద్దరికీ గుర్తుండవు.

ఇక నన్ను బాధపెడుతున్న విషయం. 1974లో కాపురానికి వచ్చినప్పుడు నా ఉద్యోగం మాచర్లలో. అద్దె పుస్తకాల కొట్టు నుంచి పక్కింటివారి అమ్మాయి చేత నవలలు తెప్పించుకునేది. రోజుకి పది పైసలు. ఒకనాడు నెలాఖరున నాలుగు రోజుల అద్దె బాకీ ఉందని తెలిసి, పనికిమాలిన రాతలని అరిచి, పుస్తకం నేనే తీసుకెళ్లి ఇచ్చేశాను. అది మొదటి భాగం. రెండో భాగం తెస్తే ఒప్పుకోనన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ తరువాత చాలా ఏళ్లు మా ఇంట్లో నవల కనబడలేదు. అది నా క్రమశిక్షణ అనుకుని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మొన్న శ్రావణంలో ఉన్నట్టుండి, "ఆ పిల్ల రైలు దిగిందో లేదో" అంది. ఏ పిల్ల అన్నాను. ఆ మొదటి భాగంలో పిల్ల. యాభై ఏళ్లయింది! పేరు గుర్తులేదు, రచయిత్రి పేరూ గుర్తులేదు. అట్ట మీద నీలం చీర బొమ్మ. తండ్రి బడిపంతులు. పెళ్లిచూపుల్లో అవమానించినవాడే తరువాత పై అధికారిగా వస్తాడు. ఉద్యోగానికి రాజీనామా రాసి ఆమె రైలెక్కుతుంది, బండి కదిలేవేళకు అతను ప్లాట్‌ఫారం మీద కనబడతాడు. మొదటి భాగం అక్కడ ఆగింది.

గ్రంథాలయంలో వెతికాను. గుంటూరులో పాత పుస్తకాలవాళ్లను అడిగాను. కథ చెబితే, ఇటువంటివి వంద ఉంటాయండీ అన్నారు. ముగింపు నన్నే కల్పించి చెప్పమంది ఒకరోజు. ప్రయత్నించాను గాని నా వాక్యాలు ఆఫీసు నోటు లాగా ఉన్నాయని నవ్వింది.

అమ్మలారా, మీలో ఎవరైనా ఆ నవల చదివి ఉంటే, అటక మీద రెండో భాగం ఉంటే, సభ అయ్యాక నాతో ఒక మాట చెప్పండి. నేను గుమ్మం దగ్గరే ఉంటాను. పుస్తకం జాగ్రత్తగా తిరిగి ఇస్తాను, అద్దె కూడా ఇస్తాను.