పాఠము ముందా, పొలము ముందా?



ఆదివారము ఉదయమున హైదరాబాదు నుండి నలుదిక్కులకు వెడలు రహదారులను కొంతసేపు పరికించినచో ఒక విశేషము కనబడును. చిన్న కార్లలో కుటుంబములు. ముందు సీటులో మధ్యవర్తి. వెనుక సీటులో పులిహోర డబ్బాలు, నీళ్ల సీసాలు. వీరు తీర్థయాత్రకు పోవువారు కారు, పొలము చూడబోవువారు. గత ఉగాది నుండి మేమును ఈ యాత్రికులలో చేరితిమి.

మేము దంపతులము. మాలో ఒకరిది బ్యాంకు ఉద్యోగము, ఒకరిది ఉపాధ్యాయ వృత్తి. ఇరువురి తాతలును సేద్యగాండ్రే. తండ్రుల తరమున నాగలి మూలబడినది, మా తరమున పొలములును చేజారినవి. పాతికేండ్లుగా కూడబెట్టిన ధనముతో మూడు నాలుగు ఎకరములు కొని, చెట్లు నాటి, అచటనే కాపురముండవలెనని మా సంకల్పము. ఆ ధనము ఒక్కమారు వెచ్చించుటకే చాలును. రెండవ పొలము కొను అవకాశము మాకు లేదు. ఇదే కాలమున శాశ్వత వ్యవసాయ శిక్షణకు మా పేర్లు నమోదు చేయించుకొంటిమి. ఈ రెండింటిలో ఏది ముందు జరుగవలెనను విషయమై మా యింట చాల వాదము జరిగినది. ఆ వాదమునే నేడు మీ ముందుంచుచున్నాము.

శాశ్వత వ్యవసాయము అనునది పర్మాకల్చర్ అను మాటకు మన ప్రాంతమున వాడుకలోనికి వచ్చిన తెలుగు. ఆస్ట్రేలియా దేశపు టాస్మేనియా ద్వీపమున బిల్ మాలిసన్, ఆయన కంటె చాల చిన్నవాడైన డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి వ్రాసి 1978లో ప్రకటించిన గ్రంథముతో ఈ పేరు లోకమునకు తెలిసినది. అడవిని ఎవరును దున్నరు, ఎరువు వేయరు, నీరు తోడరు. అయినను అది ఏటేట పెరుగును. ఆ యడవి నడవడిని గమనించి, చెట్టును, కోడిని, నీటికుంటను, ఇంటిని ఒకదానికొకటి తోడ్పడునట్లు అమర్చుటయే ఈ విద్య సారాంశము. 1980వ దశకపు ఉత్తరార్ధమున మాలిసన్ మన దేశమునకు వచ్చి పాఠములు చెప్పెను. జహీరాబాదు ప్రాంతపు పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారు ఈ పద్ధతిలో ఒక క్షేత్రమును పెంచిరి. 2017లో ఆ ప్రాంతమందే బిడకన్నె గ్రామపు పొలములో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమ్మేళనము జరిగినది. కనుక ఇది మనకు ఎరువు తెచ్చుకొన్న విద్య మాత్రమే కాదు. మన ఎర్రనేలలలో నలువది యేండ్లుగా పరీక్షకు నిలిచిన విద్య.

నిజమునకు మా అమ్మమ్మగారి పెరడును తలచుకొన్నచో ఈ శాస్త్రములో సగము అచటనే కలదు. వంటింటి గుమ్మము ప్రక్కన కరివేపాకు, కొత్తిమీర. జలకమాడిన నీరు పారుచోట అరటి, చేమ. బావికి చేరువగా మునగ. దొడ్డి చివర చింత. దినమునకు పదిసార్లు కావలసినది దగ్గరను, ఏడాదికి ఒకసారి కోసుకొనునది దూరమునను ఉండెడివి. మాలిసన్ దీనినే మండలములుగా విభజించి అంకెలు వేసెను. ఆమెకు అంకెలు తెలియవు గాని నడక ఎచట తగ్గునో తెలియును.

శిక్షణ కాలపరిమితి 72 గంటల బోధన. వాతావరణము, నీరు, నేల, చెట్లు, మట్టిపనులు, ఇండ్ల నిర్మాణము మున్నగునవన్నియు అందులో ఇమిడియుండును. చివర ప్రతివారును ఒక స్థలమునకు ప్రణాళిక గీసి సభలో వివరింపవలెను. ఇచటనే మా వాదమునకు మూలము. మా మేనమామగారు, “భూమి ధర మనకొరకు ఆగునా? ముందు కొనుడు, చదువు ఎప్పుడైనను చదువవచ్చును” అనిరి. ఇదివరలో శిక్షణ ముగించిన మిత్రులు, “చదువక కొన్నచో కన్ను మూసికొని కొన్నట్లే” అనిరి. మధ్యవర్తి మాట మూడవది: “సార్, శుక్రవారం దాకా బయానా ఇయ్యకపోతే వేరేటోళ్లు సిద్ధమున్నరు.” ఈ శుక్రవారము మాకు ఇప్పటికి పదునొకటి పర్యాయములు వచ్చి పోయినది.

మేము అవలంబించినది వేరొక మార్గము. కొనకయే ఒక పొలమును పాఠ్యపుస్తకముగా చేసికొంటిమి. యజమాని అనుమతితో దానిని కొలిచి, త్రవ్వి, వానలో తడిసి చూచి, ఆ పటమును శిక్షణకు తీసికొనిపోవ నిశ్చయించితిమి.

ఆ పొలము గ్రామము పేరు చెప్పుట మర్యాద కాదు. 3 ఎకరముల 10 గుంటల ఎర్ర చెల్క. సెంట్ల లెక్కకు అలవాటుపడిన శ్రోతలకొక మాట: ఎకరమునకు నలువది గుంటలు, గుంటకు 121 చదరపు గజములు. మేము దానిని మొదట చూచినది రోహిణి కార్తెలో. మధ్యవర్తులు సాధారణముగా పొలమును పచ్చగా నున్నప్పుడు చూపుదురు. మేము ఎండకాలముననే చూడగోరితిమి. మే మాసాంతమున బావిలో ఎంత నీరున్నదో అదియే ఆ పొలము నిజమైన నీరు. ఇరుగుపొరుగు బోర్లు ఎన్ని పోయుచున్నవి, ఎన్ని ఎండినవి అని కూడ ఆ మాసమున అడిగిననే నికరమైన సమాధానము లభించును. క్రొత్త బోరు వేయవలెనన్నచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి పొందవలెను. అయినను మా దృష్టి బోరుపై లేదు, ఆకాశముపై నున్నది.

ఈ లెక్క వినుడు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది ఒక లీటరు. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు. అనగా ఒక అంగుళము వాన పడినచో ఎకరముపై లక్షా రెండు వేల లీటర్లకు మించి దిగును. నగరమున మనము ఐదు వేల లీటర్ల ట్యాంకరుకై వేసవిలో వీధిన నిలుచుందుము. అట్టి ట్యాంకర్లు ఇరువది ఒక్క జల్లులో వచ్చి, మనము చూచుచుండగనే ఒర్రెలోనికి పోవును. దానిని ఆపుటకు వాలునకు అడ్డముగా, ఎచటను ఎత్తుపల్లములు లేకుండ, సమమట్టములో కందకము త్రవ్వుదురు. మీటరు వెడల్పు, అర మీటరు లోతు గల నిలువు కందకము నూరు మీటర్ల పొడవున యాబది వేల లీటర్లను పట్టును. ఆ నీరు పారక, నిలిచి, నేలలోనికి ఇంకును. కందకపు దిగువ గట్టుపై నాటిన చెట్టు దానిని త్రాగును.

సమమట్టము కనుగొనుటకు పెద్ద యంత్రములు అవసరము లేదు. ఆరడుగుల వెదురుకర్రలు రెండు పైన కలిపి కట్టి, నడుమ ఒక అడ్డకర్ర బిగించి, కొన నుండి దారముతో రాయి వ్రేలాడదీసిన చాలును. కాళ్లను రెండు గురుతులపై నిలిపి దారము అడ్డకర్రపై తాకినచోట గీత గీయవలెను. కాళ్లను తారుమారు చేసి మరల గీయవలెను. ఆ రెండు గీతల నడిమి బిందువే మట్టము. ఈ పరికరమును మా యపార్టుమెంటు ఆవరణమున అభ్యసించుచుండగా కావలివాడు, “వినాయకుడి పందిరా అమ్మా?” అని అడిగెను. పొలములో దీనిని త్రిప్పి చూడగా కంటికి చదునుగా తోచిన భూమి వాయవ్యమునకు వాలియున్నదనియు, పై పొలమువారి నీరుకూడ మీదుగా పారి ఆ మూలనే గట్టును కోయుచున్నదనియు తేలినది.

మట్టి పరీక్షయు ఇంటనే చేయవచ్చును. గాజుసీసాలో మూడవవంతు మట్టి పోసి, నీరు నింపి, బాగుగ కుదిపి నిలుపవలెను. ఇసుక నిమిషములో అడుగునకు చేరును. ఒండ్రు గంటల తరబడి దిగును. బంకమన్ను మరునాటికిని తేలుచుండును. మా సీసాలో ఇసుక పాలే అధికము. ఇట్టి నేలలో కందకము మేలుచేయును. కాని ఇదే ఉపాయమును లోతైన నల్లరేగడిలో చేసినచో నీరు ఇంకక నిలిచి పైరు కుళ్లును, ఎండకు నెఱ్ఱెలు విచ్చి గట్టు తెగును; అచట నీటిని మెల్లగా నడిపించు వాలుగట్లే తగినవి. పుస్తకములోని బొమ్మను చూచి ఎల్లెడల ఒకే విధముగ త్రవ్వించు ఉత్సాహవంతులను మేము చూచితిమి. ఆ ఉత్సాహము జేసీబీ యజమానికే లాభకరము.

కాగితముల విషయము క్లుప్తముగ చెప్పెదము, ఏలయన అది న్యాయవాదుల పని. చౌకగా వచ్చునని మాకు చూపిన పొలములలో ఒకటి లావణి పట్టా, అనగా ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూమి. 1977 నాటి చట్టము దాని విక్రయమును నిషేధించుచున్నది. వేరొకటి ఏజెన్సీ ప్రాంతమున నున్నది. 1959 నాటి నిబంధన, దాని 1970 సవరణ ప్రకారము గిరిజనేతరులు అచట భూమి కొనరాదు, కొనుట న్యాయమును కాదు. మూడవది కన్నులపండువుగా పచ్చగా నున్నది. విచారింపగా చెరువు శిఖము, వానకాలమున మునిగిపోవునది. తెలంగాణములో 2020లో వచ్చిన ధరణి స్థానమున 2025 నుండి భూభారతి చట్టము అమలులోనికి వచ్చినది. పేరు ఏదైనను పాత పహాణీలు తీయించి, ఋణభార పత్రము చూచి, బాట హక్కు ఉన్నదో లేదో కనుగొనక బయానా ఈయరాదు. బాట లేని పొలమునకు పొరుగువాని దయయే దారి.

ఇక అన్నింటికంటె మమ్ము కలవరపెట్టిన విషయము. పొలము యజమాని డెబ్బది యేండ్ల వృద్ధుడు. నాలుగు బోర్లు వేయించెను, మూడు ఎండినవి, అప్పు మిగిలినది. కుమారులిద్దరును నగరమున నున్నారు. వారికి మొత్తము అమ్మివేయవలెనని తొందర. మేము మట్టము చూచుచుండగా ఆయన వేపచెట్టు క్రింద కూర్చుండి, “పత్రం ఒక్క దినంల అయితది బిడ్డా. దీని గుణం తెల్వాలంటే మాత్రం మిరుగు నుంచి చిత్త దాక దీని మీద తిరగాలె” అనెను. వాన ఎటు నుండి కొట్టును, ఏ మూల చవుడు తేలును, ఏ యేడు ఎచట కందులు మాడినవి అను విషయములు ఆయన నోటివెంట విని వ్రాసికొనగా మా పుస్తకమున నలువది పుటలు నిండినవి. 72 గంటల పాఠములలో ఈ పుటలు ఉండవు.

“అమ్మినాక నువ్వేం చేస్తవు పెద్దయ్యా?” అని అడిగితిమి. “మీరు పెట్టుకుంటే ఈన్నే పని జేస్త” అనెను. ఆ మాట మాకు సులభముగ మ్రింగుడుపడలేదు. శాశ్వత వ్యవసాయము మూడు ధర్మములను చెప్పును: భూమిని కాపాడుట, జనులను కాపాడుట, మిగిలినది పంచుకొనుట. భూమిని గూర్చి మాత్రము శ్రద్ధ వహించి, ఆ భూమికి యజమానియైన వానిని దినకూలిగా నిలబెట్టుట మొదటి ధర్మమును పాటించి రెండవదానిని విడుచుట కాదా? నగరవాసులము చెట్ల పేరిట పోయి ధరలు పెంచుచున్నామన్న గ్రామస్థుల నిందలో సత్యము కలదు.

కనుక మేమొక ప్రతిపాదన చేసితిమి. బావి ప్రక్కనున్న ఎకరము పెద్దయ్య పేరనే యుండవలెను. మేము కొనునది 2 ఎకరముల 10 గుంటలే. బావినీటిలో ఇరువురికి సమాన హక్కు దస్తావేజులో వ్రాయవలెను. మాకు విస్తీర్ణము తగ్గును, పైకము కొంత మిగులును, చెప్పువాడు దగ్గరనుండును. ఆయన అప్పు తీరును, భూమి పూర్తిగా పోదు. మధ్యవర్తికి ఇది నచ్చలేదు, దళారీ తగ్గునుగదా. పెద్ద కుమారుడు ఆలోచించి చెప్పెదనన్నాడు, చిన్నవాడు ఒప్పుకొనలేదు. దసరా వరకు గడువు కోరితిమి; ఆ లోపల ఎవరైనను మొత్తమును కొనిపోయినచో పోవును. అట్లు పోయినను మా పటము, మా లెక్కలు పనికివచ్చును. పెద్దయ్య ఎకరము మాత్రము పోవును.

శిక్షణ ఉత్తర కార్తెలో ఆరంభమగును. మా మూటలో వెదురుకర్రల పటము, మట్టి సీసా, ఆ నలువది పుటల పుస్తకము ఉన్నవి. తిన్నని అంచులు గల ఒక గాజుపాత్రకు మిల్లీమీటర్ల గురుతులు అతికించి వానకొలతకై పొలములో నిలిపితిమి. దానిని పెద్దయ్య మనుమరాలికి, ఏడవ తరగతి చదువుచున్న బాలికకు, అప్పగించితిమి. ప్రతి ఉదయము ఎనిమిది గంటలకు చూచి వ్రాయుచున్నది. నిన్న ఫోనులో చెప్పిన లెక్క: 34 మిల్లీమీటర్లు. వాయవ్యపు గట్టు తెగినదట; తాతయు తానును రాళ్లు పేర్చుచున్నారట. శనివారము పోయి మేమును చేయి కలుపవలెను.