బీపీ గోలీలకు పోయిననాడే క్యాన్సర్ పరీక్ష కూడా
(నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మహిళా సంఘాల కోసం చెప్పిన మాటలు)



ఆరోగ్యశ్రీ మనకు కొత్త కాదు. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వైద్యం ఉంది. క్యాన్సర్ వైద్యం కూడా అందులోనే. కానీ ఆ కార్డు జబ్బు బయటపడినంక పనికొచ్చేది. ముదరకముందే బయటపడాలంటే మనమే ముందుగాల పరీక్షకు పోవాలె.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు దవాఖానల్లోనే అయితున్నయి. అంటే దవాఖానకు పోవడం మనకు అలవాటే. అదే సర్వేలో దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లల్లో గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష ఒక్కసారన్నా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. నొప్పి వస్తే పోతం, జ్వరమొస్తే పోతం. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, అందుకే పోము.

ఎక్కడికి పోతున్నమన్నది కూడా చూడాలె. ఊర్లె ఆర్‌ఎంపీ దగ్గర ఎన్ని సూదులు వేయించుకున్నా ఈ పరీక్ష మాట రాదు. నెలనెలా బీపీ, షుగర్ గోలీలకు పీహెచ్‌సీకో, పల్లె దవాఖానకో పోయే అవ్వను ఏఎన్‌ఎం ఎప్పుడో ఒకనాడు అడుగుతది. ఏ రోగం లేదని కూలికి పోయే ముప్ఫై అయిదేండ్ల మనిషిని అడిగేవాళ్లు ఉండరు. వలసపోయే ఇండ్లల్ల ఇంకా కష్టం. ఆశమ్మ ఫారం పట్టుకొని వచ్చిననాడు తలుపుకు తాళం ఉంటది.

ఇంకో మాట. మన దగ్గర చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నరు. "అదే లేదు, ఇంక పరీక్ష ఎందుకు" అంటరు. రొమ్ము ఉంది, నోరు ఉంది కదమ్మా! ఆ రెండు పరీక్షలు చేయించుకోవాల్సిందే. గర్భసంచి మొత్తం తీసిండ్రా, ముఖద్వారం ఉంచిండ్రా అన్నది పాత చీటీ చూసి డాక్టరే చెప్పాలె.

పరీక్ష ముప్ఫై ఏండ్లు దాటినవాళ్లకు, అయిదేండ్లకు ఒకసారి. నోట్ల టార్చి వేసి చూస్తరు. రొమ్ములో గడ్డలున్నయా అని చేత్తో చూస్తరు. గర్భసంచి ముఖద్వారానికి దూదితో పలుచని యాసిడ్ లాంటి మందు అద్ది ఒక నిమిషం ఆగి చూస్తరు. సిగ్గుపడేది లేదు. 2023 మార్చి 8న మొదలైన 'ఆరోగ్య మహిళ' క్లినిక్‌లల్ల, మంగళవారాలు, చూసేది ఆడ సిబ్బందే. ఈ క్లినిక్ అన్ని పీహెచ్‌సీలల్ల ఉండదు, మీకు దగ్గరిది ఏదో ఆశమ్మను అడగండి. నోటి పరీక్ష మగవాళ్లకు కూడా ఉంది. గుట్కా, తంబాకు, బీడీ అలవాటున్న ఇంటాయనను వెంట తోలుకపోండి.

తెల్లమచ్చ కనబడ్డదంటే క్యాన్సర్ వచ్చినట్టు కాదు. ఇంకో పరీక్ష కావాలని మాత్రమే దానర్థం. జిల్లా కేంద్రంల సర్కారు పెద్దదవాఖానకు రాస్తరు, అవసరమైతే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు పంపుతరు. అసలు ఆగిపోయేది ఇక్కడనే. చీటీ తెచ్చుకొని బియ్యం డబ్బాల పెట్టి, పత్తి ఏరుడు అయినంక పోదామంటరు. పత్తి ఏరుడు అయిపోయేసరికి నెలలు గడుస్తయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. ఒక్కరే పోవడానికి భయమైతే సంఘంల నుంచి ఇద్దరు తోడు పోండి.

వచ్చే మంగళవారం పోయేవాళ్లు సంఘం పుస్తకంల పేరు రాయించండి. బహిష్టు ఉన్నవాళ్లు ఆ పై మంగళవారానికి రాయించండి. గోలీల చీటీ, ఆపరేషన్ కాగితాలు ఉంటే వెంట తెచ్చుకోండి.