హృదయ దౌర్బల్యము – మన కర్తవ్యము

(సఖినేటిపల్లి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు, సంఘ భవనమును గూర్చియు పెద్దలు విపులముగ ముచ్చటించిరి. మేము గుండెను గూర్చి నాలుగు మాటలు మనవి చేయ నిలిచితిమి. సంఘమునకు వ్యాధితో నేమి పనియని కొందఱకు దోచవచ్చును. గోదావరి జిల్లాల ప్రాంతమున 45 గ్రామములలో 2003–2004లో మరణకారణములను విచారింపగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలననే కలిగెనని తేలినది. అంటువ్యాధులకంటె నివియే మనవారిని హెచ్చుగా గొనిపోయినవి. కావున నిది సంఘకార్యమే.

హృదయ దౌర్బల్యమనగా గుండె ఆగిపోవుట గాదు. శరీరమునకు వలసినంత రక్తమును అది పంపజాలకపోవుట. ఆరోగ్యవంతుని గుండె దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనుచు, నిమిషమునకు 5 లీటర్ల రక్తమును పంపును. కండలకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీ యను ద్రవ్యములను 1927, 1929 సంవత్సరములలో అమెరికాయందు ఫిస్కేతో గూడి వెల్లడించినవారు, మన యేటికవతల భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. దుర్బలమైన గుండెలో నీ శక్తినిల్వ తఱిగిపోవును.

కారణము లనేకములు. ఏండ్లతరబడి గమనింపని రక్తపుపోటు, ఒకమారు వచ్చిన గుండెపోటు, మధుమేహము, మద్యపానము ముఖ్యములు. బాల్యమున గొంతునొప్పి, కీళ్లవాపులతో వచ్చిన జ్వరము గుండె కవాటములను జెఱచి, నడివయసున బయటపడవచ్చును. కొందఱు స్త్రీలకు కాన్పునకు ముందో వెనుకనో ఈ వ్యాధి కలుగును.

దీని ఫలితము కోనసీమవారికి వేఱుగ జెప్ప బనిలేదు. మురుగుకాలువ పాఱనిచో నీరు వెనుకకుదన్ని చేను మునుగును గదా! అట్లే ఎడమగుండె సడలిన ఊపిరితిత్తులలో నీరు చేరును. కుడిగుండె సడలిన పాదములు, కడుపు ఉబ్బును. రక్తము చాలక మూత్రపిండములు ఉప్పును నీటిని నిలిపివేయగా, వఱద మఱింత హెచ్చును.

లక్షణములను మేము పుస్తకములలోగాక యింటిలోనే నేర్చుకొంటిమి. మా పెదతండ్రిగారు నరసాపురమునుండి వచ్చి, పంటు దిగి గట్టెక్కునప్పుడు రెండుమార్లు నిలుచుట మొదలిడిరి. పిదప తలక్రింద రెండు దిండ్లు, తరువాత మూడు. నడిరేయి ఊపిరాడక లేచి అరుగుపై గూర్చుండెడివారు. సాయంకాలమునకు చెప్పులు పాదములకు పట్టెడివి కావు. "డెబ్బదేండ్లు దాటినవి, ఆయాసము రాక తప్పునా!" యని వారనిరి, మేమును ఔననుకొంటిమి. వైద్యునికి జూపుటకు నాలుగు మాసములు జాగు చేసితిమి. ఆ మాసములును తిరిగి రాలేదు, వారును దక్కలేదు.

సోదరులారా, ఆయాసమును వార్ధక్యమని పేరు పెట్టి విడువకుడు. పండుకొనిన ఊపిరాడకున్నను, పాదములు ఉబ్బినను, మూడు దినములలో రెండు కిలోల బరువు పెరిగినను వెంటనే వైద్యునికి దెలుపుడు. ఎకో పరీక్షవలన గుండెబలము తెలియును. ఆయుర్దాయమును పెంచు మందులు నేడు నాలుగు తరగతులవి గలవు. ఆయాసము తగ్గెనని వానిని మానరాదు. కీళ్లనొప్పులకు దుకాణమున మాత్రలు కొని మ్రింగరాదు. వానిలో పెక్కు నీటిని నిలుపునవే. ఆవకాయ, అప్పడములు, ఉప్పుచేపల విషయమున మన సోదరీమణులు చేయి బిగింపవలెను. ఊపిరి మిక్కిలి కష్టమైనచో పంటుకై వేచియుండక 108కు ఫోను చేయుడు.

దాతలకొక విన్నపము. ప్రతి గ్రామశాఖకు ఒక రక్తపుపోటు యంత్రమును, ఒక తూకపు యంత్రమును సమకూర్పుడు. ముప్పదేండ్లు నిండిన ప్రతివారికిని ఏటేట పోటు చూచి పుస్తకమున వ్రాయింతము. భవనము కొంత ఆలస్యమైనను కట్టుకొనవచ్చును. పోయిన పెద్దలను తెచ్చుకొనలేము.