ఫోనులో వైఫై, ఈమెయిల్: మన చేతులతో మనమే



జోగులాంబ గద్వాల జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం గట్టు. విత్తనాల కోసం సీడు పత్తి పండించే రైతులు, పూలకు చేత్తో పరాగం అద్దే క్రాసింగ్ రోజుల్లో పొద్దున్నే చేలో దిగే కూలీలు, గద్వాల చీర నేసే మగ్గాలు, పనుల కోసం హైదరాబాదుకో పుణెకో బొంబాయికో వెళ్లివచ్చే కుటుంబాలు ఈ ప్రాంతంలో కనిపిస్తాయి. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి తెలంగాణలోనే అక్షరాస్యత బాగా తక్కువగా నమోదైన మండలాల్లో ఇదొకటి. వెనకబడిన మండలాల కోసం 2023లో మొదలైన నీతి ఆయోగ్ ఆకాంక్షిత బ్లాకుల కార్యక్రమంలో కూడా గట్టు ఉంది. అలాంటి చోట ఇవాళ చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. పాట వినడం, వీడియో చూడటం, వాట్సాప్‌లో ఫోటో పంపడం ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి. కానీ అదే ఫోనులో వైఫై సరిగ్గా కలుపుకోవడం, సొంత ఈమెయిల్ పెట్టుకోవడం మాత్రం ఇంకా నెట్ సెంటర్ అబ్బాయి చేతి పనిగానే ఉండిపోయింది. ఆ రెండు పనులూ మన చేతులతో మనమే ఎలా చేసుకోవాలో, ఎందుకు చేసుకోవాలో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ దాన్ని పెద్ద నగరాల్లో మొదలుపెట్టింది. అప్పుడు టెలిఫోన్ తీగ, కంప్యూటర్, మోడెమ్ మూడూ ఉంటే తప్ప పని జరిగేది కాదు. పల్లెకు ఇంటర్నెట్ నిజంగా చేరింది ఫోను ద్వారానే. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాక డేటా ధర ఒక్కసారిగా దిగివచ్చింది. ఆ తర్వాత నెల దాటిందో లేదో, అక్టోబరు 11న గద్వాల కొత్త జిల్లా అయింది. మన జిల్లా వయసూ, మన పల్లెల్లో చవక ఇంటర్నెట్ వయసూ దాదాపు ఒకటే.

ఫోనుకు ఇంటర్నెట్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి సిమ్ కార్డు ద్వారా వచ్చే మొబైల్ డేటా. ఇది ఊరి బయట ఉన్న టవర్ నుంచి వస్తుంది. రెండోది వైఫై. ఇంటికో, బడికో, పంచాయతీ ఆఫీసుకో కేబుల్ ద్వారా వచ్చిన ఇంటర్నెట్‌ను రౌటర్ అనే చిన్న పెట్టె రేడియో తరంగాలుగా మార్చి ఆ చుట్టుపక్కలకు పంచుతుంది. ఈ ప్రసంగం మీ దగ్గరకు వచ్చేదీ రేడియో తరంగాల మీదే. కాకపోతే రేడియో స్టేషన్ తరంగం ఊళ్లకు ఊళ్లు దాటుతుంది, వైఫై తరంగం నాలుగు గోడలు దాటడానికే కష్టపడుతుంది. వైఫైకి ప్రపంచమంతా ఒకే ప్రమాణం 1997లో వచ్చింది. అది ఎక్కువగా వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు మన దేశంలో 2005లో లైసెన్సు అవసరం తీసేశారు. అందుకే రౌటర్ కొనుక్కుని ఇంట్లో పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పల్లెకు కేబుల్ తెచ్చే ప్రయత్నం కూడా జరుగుతోంది. గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేసే పథకాన్ని కేంద్రం 2011లో మొదలుపెట్టింది, ఇప్పుడు దాని పేరు భారత్‌నెట్. తెలంగాణలో ఆ పని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టీ ఫైబర్ చేస్తోంది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ కూడా వేయడం ఈ రాష్ట్రం ఎంచుకున్న పద్ధతి. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ఇళ్లకు కనెక్షన్లు మొదలుపెట్టిన చోట్లలో మన పక్క జిల్లా నారాయణపేటలోని మద్దూరు కూడా ఉంది. ఇక చిన్న దుకాణందారు ఎవరైనా లైసెన్సు లేకుండా తన కొట్టు దగ్గర వైఫై అమ్ముకునే వీలు కల్పించే పీఎం వాణి పథకానికి కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. టీ కొట్టు, కిరాణా దుకాణం కూడా వైఫై కేంద్రం కావచ్చన్నమాట.

ఇప్పుడు వైఫై కలుపుకునే పని చూద్దాం. ఫోనులో సెట్టింగ్స్ తెరవండి. పళ్లచక్రం బొమ్మ ఉన్నదే సెట్టింగ్స్. అందులో నెట్‌వర్క్ అనో, కనెక్షన్స్ అనో ఉంటుంది. దాని కింద వైఫైని ఆన్ చేస్తే దగ్గర్లో ఉన్న వైఫైల పేర్లు వరుసగా కనిపిస్తాయి. మీది ఏదో దాని మీద వేలు పెట్టి, పాస్‌వర్డ్ కొట్టండి. ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా కొట్టాలి. కంటి గుర్తు నొక్కితే కొట్టింది కనిపిస్తుంది, తప్పు దిద్దుకోవచ్చు. పాస్‌వర్డ్ కొట్టడం ఇబ్బందైతే, ముందే కలిసి ఉన్న ఇంకో ఫోనులో అదే వైఫై పేరు తెరిచి షేర్ నొక్కండి. గళ్ల గళ్ల క్యూఆర్ కోడ్ వస్తుంది. దాన్ని మీ ఫోనుతో స్కాన్ చేస్తే చాలు. ఒకసారి కలిపితే మళ్లీ ఆ ఇంటికి రాగానే ఫోను తనంతట తానే కలుస్తుంది.

చాలా రౌటర్లలో ఒకే ఇంటికి రెండు పేర్లు కనిపిస్తాయి. ఒక పేరు చివర 5జీ అని ఉంటే అది టవర్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ తరంగం. అది వేగంగా పనిచేస్తుంది, కానీ గోడ అడ్డొస్తే త్వరగా బలహీనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదే కానీ గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది. మందపాటి రాతిగోడల ఇల్లయితే లోపలి గదిలో ఈ రెండోదే మేలు. రౌటర్‌ను ఇనప బీరువా పక్కనో, నేల మీదో పెట్టొద్దు. ఇంటి నడిమధ్య, కాస్త ఎత్తున పెట్టండి. ఇంకో ఉపయోగం ఉంది. ఇంట్లో టవర్ సిగ్నల్ అందకపోయినా వైఫై ఉంటే, సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకుని మీ మామూలు నంబరుతోనే మాట్లాడుకోవచ్చు. ఫోనుకూ మీ సిమ్ కంపెనీకీ ఆ సౌకర్యం ఉంటే చాలు.

ఇంటి వైఫైకి పాస్‌వర్డ్ లేకుండా వదలొద్దు. రౌటర్ అడుగున అతికించి వచ్చిన పాస్‌వర్డ్‌నే వాడుతుంటే దాన్ని మార్చండి. భద్రత ఏది కావాలని అడిగినచోట డబ్ల్యూపీఏ 2 లేదా డబ్ల్యూపీఏ 3 ఎంచుకోండి. బస్టాండులోనో రైల్వే స్టేషన్లోనో దొరికే ఉచిత వైఫై మీద వార్తలు చదవండి, వీడియో చూడండి. డబ్బు పంపే పని మాత్రం సొంత మొబైల్ డేటా మీదే చేసుకోండి.

ఇక ఈమెయిల్. వాట్సాప్ ఉండగా ఇది ఎందుకని చాలామంది అడుగుతారు. వాట్సాప్ ఫోను నంబరును పట్టుకుని నడుస్తుంది. పనికోసం ఊరు విడిచి వెళ్లినవాళ్లకు నంబర్లు మారుతుంటాయి. రీచార్జి చేయక సిమ్ ఆగిపోతే, 90 రోజులు గడిచాక కంపెనీ ఆ నంబరును ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఈమెయిల్ చిరునామా అలా చేజారదు. సిమ్ మారినా, ఫోను పోయినా, గట్టు నుంచి పుణెకు వెళ్లినా అదే చిరునామా, అవే ఉత్తరాలు. వలస వెళ్లే కుటుంబానికి చిరకాలం నిలిచే చిరునామా అదొక్కటే.

చదువుకునే పిల్లలకైతే అది లేనిదే అడుగు ముందుకు పడదు. జేఈఈ మెయిన్, నీట్ పరీక్షలు నిర్వహించే జాతీయ సంస్థ తన సమాచారాన్ని దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌కు, మొబైల్‌కు పంపుతుంది. ఆ రెండూ విద్యార్థివో, తల్లిదండ్రులవో అయి ఉండాలని స్పష్టంగా చెబుతుంది. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ రిజిస్ట్రేషన్‌కూ ఈమెయిల్ కావాలి. నేతన్నకు ఇంకో రకంగా అక్కరకొస్తుంది. పట్టు అంచుతో నూలు చీర నేసే గద్వాల పనితనాన్ని బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న కొనుగోలుదారుకు చూపించి, ధర, కొలత, గడువు రాతపూర్వకంగా ఒప్పుకోవచ్చు. విత్తన కంపెనీతో సీడు రైతు లెక్కలు మాట్లాడుకునేటప్పుడూ అంతే. నోటిమాట నిలవకపోవచ్చు. మెయిల్‌లో తేదీ, సమయం, పంపినవారి పేరు అన్నీ నిలుస్తాయి.

మనం బాగా పొరపాటు పడేది ఒక్కచోట. దరఖాస్తు చివరి రోజున హడావుడిగా నెట్ సెంటర్‌కు వెళ్తాం. అక్కడి అబ్బాయి సాయం చేద్దామనే ఉద్దేశంతోనే ఒక మెయిల్ తయారుచేస్తాడు. ఓటీపీ త్వరగా వస్తుందని తన నంబరే ఇస్తాడు, తనకు గుర్తుండే పాస్‌వర్డే పెడతాడు. ఆ రోజుకు పని అయిపోతుంది. ఆరు నెలల తర్వాత హాల్ టికెట్ వచ్చిందని తెలిసినా మెయిల్ తెరుచుకోదు. పాస్‌వర్డ్ మరిచిపోయానంటే కోడ్ ఆ అబ్బాయి ఫోనుకు వెళ్తుంది. అతను ఆ షాపు మానేసి వెళ్లిపోయి ఉంటే దారే మూసుకుపోతుంది. మన పొలం పట్టాదారు పాసుపుస్తకం ఇంకొకరి పేరున రాయించుకుంటామా? మెయిల్ కూడా అంతే, మన పేరున, మన నంబరుతో, మన పాస్‌వర్డ్‌తోనే ఉండాలి.

పని పెద్దదేమీ కాదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అనే మాట వెతకండి. యాడ్ అకౌంట్ నొక్కి గూగుల్ ఎంచుకుని, కొత్త ఖాతా అని చెప్పండి. పేరు, పుట్టిన తేదీ అడుగుతుంది. సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఇవ్వండి. తర్వాత చిరునామా. ఇది దరఖాస్తుల్లో, రేపు ఉద్యోగం కోసం రాసే ఉత్తరాల్లో కనిపించేది కాబట్టి సినిమా హీరో పేరుతోనో, ముద్దుపేరుతోనో వద్దు. మీ పేరు, ఇంటిపేరు, అవసరమైతే రెండంకెలు చాలు. పాస్‌వర్డ్‌లో ఫోను నంబరు, పుట్టిన సంవత్సరం పెట్టొద్దు. సంబంధం లేని మూడు నాలుగు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకోండి. ఇంట్లో భద్రంగా ఉండే పుస్తకంలో రాసుకోవడం తప్పు కాదు. రికవరీ నంబరు దగ్గర మీదో, ఇంట్లో నమ్మకమైనవారిదో ఇవ్వండి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. అప్పుడు పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కినా, మీ ఫోను లేనిదే లోపలికి రాలేడు. అక్కడే 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని కూడా అదే పుస్తకంలో రాసిపెట్టండి. ఫోను పోయిన రోజున అవే ఆదుకుంటాయి.

గూగుల్ మెయిల్‌ను 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టారు. ఇప్పుడు ఉచితంగా 15 గిగాబైట్ల చోటు ఇస్తుంది. ఫోటోలు దాచుకునే చోటు కూడా అందులోదే, కాబట్టి అనవసరమైన వీడియోలు తీసేస్తూ ఉండాలి. ఒక ఉత్తరంతో 25 మెగాబైట్ల వరకు ఫైళ్లు జోడించవచ్చు. రెండేళ్లు ఒక్కసారీ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. అందుకని పరీక్ష అయిపోయినా నెలకొకసారి తెరిచి చూడండి. ముఖ్యమైన ఉత్తరం కనిపించకపోతే స్పామ్ అనే అరలో వెతకండి. అక్కడ పడ్డవి 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి.

కాలేజీయో ఆఫీసో ఇచ్చిన వేరే మెయిల్ ఉంటే దాన్నీ గూగుల్ మెయిల్ యాప్‌లోనే కలుపుకోవచ్చు. ఐమ్యాప్, పాప్ అని రెండు పద్ధతులు అడిగితే ఐమ్యాప్ ఎంచుకోండి. అలాగైతే ఉత్తరాలు సర్వర్‌లోనే, అంటే మెయిల్ ఇచ్చే సంస్థ కంప్యూటర్‌లోనే ఉంటాయి, ఫోనులో చూసినా కంప్యూటర్‌లో చూసినా ఒకేలా కనిపిస్తాయి. పాప్ పద్ధతి వాటిని ఒక పరికరంలోకి దించుతుంది. సర్వర్‌లో కాపీ ఉంచమని చెప్పకపోతే ఆ ఫోనుతోపాటే ఉత్తరాలూ పోయే ప్రమాదం ఉంది.

చదవడం రాయడం అంతగా రానివాళ్లు వెనకడుగు వేయనక్కర్లేదు. గూగుల్ 2017లో తెలుగుకు కూడా గొంతుతో రాసే సౌకర్యం తెచ్చింది. కీబోర్డులో తెలుగు చేర్చుకుని మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే, మన మాటే తెలుగు అక్షరాలై ఉత్తరంలో పడుతుంది. పంపేముందు ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయితోనో అబ్బాయితోనో ఒకసారి చదివించుకోండి. చాలా ఫోన్లలో ఉత్తరాన్ని పైకి చదివి వినిపించే సదుపాయం కూడా ఉంది.

మోసగాళ్లు కూడా ఈ ఫోను దారినే వస్తారు. కరెంటు కట్ చేస్తామనో, బ్యాంకు ఖాతా ఆగిపోతుందనో, పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయనో ఒక లింకు పంపుతారు. ఏపీకే అని చివర ఉన్న ఫైలు వాట్సాప్‌లో వస్తే తెరవొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, బ్యాంకువాళ్లమన్నా, పోలీసులమన్నా సరే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో మెయిల్ తెరిస్తే లేచేముందు సైన్ అవుట్ చేయడం మరవొద్దు.

ఉపాధ్యాయులకు, పంచాయతీ కార్యదర్శులకు, మహిళా సంఘాల అక్కలకు, నెట్ సెంటర్ నడిపే తమ్ముళ్లకు ఒక మనవి. వచ్చినవాళ్ల పని చేసి పంపేయకండి. వాళ్ల ఫోను వాళ్ల చేతికే ఇచ్చి, వాళ్ల వేలితోనే నొక్కించండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ ఆ మనిషి రెండోసారి అడగకుండా తనే చేసుకుంటాడు. శ్రోతలకూ ఇదే మాట. మీ ఇంట్లో తొమ్మిది, పది చదివే పిల్లలుంటే, దరఖాస్తుల కాలం వచ్చేదాకా ఆగకుండా ఈ ఆదివారమే కూర్చుని వాళ్ల పేరున మెయిల్ చేయించండి. ఇంతకుముందే ఎవరైనా చేసిపెట్టి ఉంటే అందులో రికవరీ నంబరు ఎవరిదో చూడండి. మీది కాకపోతే ఇవాళే మార్చుకోండి.